పక్షవాతం వెనుక అడ్రినల్ కణితి ఉందేమో తేల్చుకోవడం ఎలా?

పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన మనిషికి రక్తపోటు ఎక్కువగా ఉందని తేలగానే కారణం దొరికిందని అందరమూ అనుకుంటాం. ఎక్కువమంది విషయంలో అది నిజమే. అయితే ఆ రక్తపోటు ఎందుకు పెరిగిందన్న రెండో ప్రశ్న కూడా వేసుకోవలసినవారు కొందరుంటారు. వారిలో, మూత్రపిండాల మీద టోపీల్లా అమరి ఉండే అడ్రినల్ గ్రంథుల్లో ఒకదానిలో చిన్న కణితి పెరిగి, శరీరానికి అక్కరలేనంత హార్మోన్‌ను రక్తంలోకి వదులుతూ, ఏళ్ల తరబడి రక్తనాళాలను, గుండెను దెబ్బతీస్తూ ఉండవచ్చు. ఆ సంగతి కనిపెట్టకుండా బీపీ మాత్రలు మాత్రమే పెంచుకుంటూ పోతే రెండోసారి పక్షవాతం వచ్చే ముప్పు అలాగే మిగిలిపోతుంది. కనిపెడితే, చాలామందిలో మూలకారణాన్నే తీసివేయడానికి లేదా మందుతో అణచి ఉంచడానికి వీలుంటుంది.

ఈ వ్యాసం పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారికి, వారి బాగోగులు చూస్తున్న కుటుంబ సభ్యులకు, ఎన్ని మందులు వాడినా బీపీ లొంగనివారికి ఉద్దేశించినది. ఇందులో చెప్పిన పనులను ఇదే వరుసలో చేయడం ముఖ్యం. హార్మోన్ పరీక్షకు ముందే స్కాన్ తీయించుకున్నా, సన్నాహం లేకుండా ఆపరేషన్‌కు వెళ్లినా మేలు కంటే కీడే ఎక్కువ జరగవచ్చు.

మొదటి పని: ముందు పక్షవాతానికి చికిత్స

మూతి ఒక పక్కకు జారడం, ఒక చెయ్యి లేదా కాలు ఉన్నట్టుండి చచ్చుబడడం, మాట ముద్దగా రావడం, చూపు హఠాత్తుగా పోవడం, ఎన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి ఒక్కసారిగా రావడం, వీటిలో ఏది కనిపించినా మనిషి చివరిసారిగా మామూలుగా ఉన్న సమయాన్ని గుర్తుపెట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా ఆ సమయం నుంచి నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. పెద్ద రక్తనాళంలో గడ్డ ఇరుక్కున్నవారిలో, స్కాన్‌ను బట్టి, 24 గంటల వరకు కూడా దానిని గొట్టం ద్వారా బయటికి తీయగలుగుతున్నారు. దారిలో నీళ్లు గాని, బీపీ మాత్ర గాని నోట్లో వేయకండి. మింగే శక్తి దెబ్బతిని ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఆ గంటల్లో కణితి కోసం వెతకవలసిన అవసరం లేదు. అయితే రోగికి అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉన్నట్టు ఇంతకుముందే ఏదైనా స్కాన్‌లో కనిపించి ఉంటే, లేదా గుండెదడ, చెమట, తలనొప్పి కలిసి వచ్చిపోతుండేవని మీకు తెలిసి ఉంటే, ఆ మాట అత్యవసర విభాగంలోని వైద్యులకు తప్పక చెప్పండి. వాంతులు తగ్గడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, బీపీ తగ్గించడానికి ఇచ్చే బీటా బ్లాకర్లు ఒక రకం అడ్రినల్ కణితి ఉన్నవారిలో రక్తపోటును ప్రమాదకరంగా పెంచగలవు. ముందే తెలిస్తే వేరే మందులు ఎంచుకుంటారు.

రెండో పని: అనుమానించవలసినది ఎవరిని, ఏ హార్మోన్‌ను

పక్షవాతానికి దారితీయగల అడ్రినల్ హార్మోన్లు ముఖ్యంగా మూడు రకాలు. ఒక్కొక్కటి ఒక్కో దారిలో హాని చేస్తుంది కాబట్టి వాటిని విడివిడిగా తెలుసుకోవడం మంచిది.

అన్నిటికంటే తరచుగా కనిపించేది ఆల్డోస్టిరాన్. ఇది ఉప్పును శరీరంలో నిలిపి, పొటాషియంను మూత్రంలో పోగొడుతుంది. ఈ హార్మోన్‌ను అదుపు లేకుండా స్రవించే కణితిని 1955లో అమెరికన్ వైద్యుడు జెరోమ్ కాన్ వర్ణించాడు. దీనిని చాలాకాలం అరుదైన జబ్బుగా భావించారు గాని, రక్తపోటు ఉన్న ప్రతి వందమందిలో 5 నుంచి 10 మందికి, మందులకు లొంగని రక్తపోటు ఉన్నవారిలో దాదాపు 20 శాతం మందికి ఆల్డోస్టిరాన్ అతిగా స్రవించడమే కారణమని ఇప్పుడు తెలుసు. వీరిలో కొందరికి ఒక వైపు కణితి ఉంటుంది, మరికొందరికి రెండు గ్రంథులూ ఉబ్బి ఉంటాయి. మామూలు రక్తపోటు ఉన్నవారితో పోలిస్తే వీరికి పక్షవాతం వచ్చే అవకాశం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని 2018లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది. బీపీ అంకె ఒక్కటే దీనికి కారణం కాదు. ఆల్డోస్టిరాన్ రక్తనాళాల గోడలను గట్టిపరుస్తుంది, గుండె కండరంలో మచ్చలు కట్టిస్తుంది, గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు దారితీస్తుంది. ఆ లయ తప్పిన గుండెలో ఏర్పడిన రక్తపు గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

ఇక్కడ చాలామంది, వైద్యులతో సహా, పొరబడే చోటు ఒకటుంది. పొటాషియం మామూలుగా ఉంటే ఈ జబ్బు లేనట్టే అనుకోవడం సరికాదు. రోగుల్లో సగానికి పైగా పొటాషియం మామూలుగానే ఉంటుంది. కండరాల నీరసం, పిక్కలు పట్టేయడం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం వంటివి ఉంటే అనుమానం బలపడుతుంది, కానీ ఏ లక్షణమూ లేకుండా కేవలం బీపీతోనే ఏళ్లు గడిపేవారు ఎందరో ఉన్నారు.

రెండోది ఫియోక్రోమోసైటోమా. గ్రంథి లోపలి భాగంలో పుట్టి అడ్రినలిన్, నారడ్రినలిన్‌లను కుమ్మరించే ఈ కణితి చాలా అరుదు, కానీ మూడింటిలోనూ ప్రాణాపాయం ఎక్కువ దీనితోనే. ఉన్నట్టుండి తలనొప్పి, ఒళ్లంతా చెమట, గుండెదడ వచ్చి, ముఖం పాలిపోయి, కొన్ని నిమిషాల నుంచి గంట లోపు తగ్గిపోతుంటాయి. ఆ సమయంలో బీపీ ఒక్కసారిగా ఎగసి మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. రక్తనాళాలు బిగుసుకుపోయి మెదడుకు రక్తం అందకపోవచ్చు. హార్మోన్ దెబ్బకు గుండె కండరం హఠాత్తుగా బలహీనపడి, లోపల గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరవచ్చు. బీపీ ఎగసినట్టే హఠాత్తుగా పడిపోవడం కూడా ఈ జబ్బులో ఉంది, దానివల్ల కూడా మెదడుకు రక్తం కొరవడుతుంది.

మూడోది కార్టిసాల్. ఇది అతిగా స్రవిస్తే వచ్చే కుషింగ్ సిండ్రోమ్‌లో ముఖం గుండ్రబడుతుంది, నడుము చుట్టూ కొవ్వు చేరి కాళ్లూ చేతులూ సన్నబడతాయి, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు వస్తాయి, కొద్దిపాటి దెబ్బకే చర్మం కమిలిపోతుంది, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోతారు. రక్తపోటు, మధుమేహం రెండూ పెరగడమే కాక రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావం కూడా పెరుగుతుంది. పైకి ఏ గుర్తులూ లేకుండా కార్టిసాల్ కొద్దిగా మాత్రమే ఎక్కువయ్యే రూపం కూడా ఉంది.

కాబట్టి పక్షవాతం వచ్చిన మనిషికి 40 ఏళ్లలోపే రక్తపోటు మొదలై ఉన్నా, మూత్రం ఎక్కువగా పోయించే మందుతో కలిపి మూడు రకాల మందులు వాడినా బీపీ దిగకపోయినా, పొటాషియం తక్కువగా ఉన్నా, పైన చెప్పినట్టు వచ్చిపోయే లక్షణాలున్నా, వేరే పని మీద తీసిన స్కాన్‌లో అడ్రినల్ గడ్డ కనిపించినా, దగ్గరి రక్తసంబంధీకుల్లో చిన్నవయసులో పక్షవాతం వచ్చినవారున్నా ఈ దిశలో పరీక్షలు అడగడం సబబు. రక్తపోటు ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక్కసారైనా ఆల్డోస్టిరాన్ పరీక్ష చేయించాలని హార్మోన్ వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది. ఆ సూచన పక్షవాతం వచ్చినవారికి మరింత వర్తిస్తుందని నా అభిప్రాయం.

మూడో పని: కాగితాలు, కొలతలు సిద్ధం చేసుకోవడం

వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు వారం రోజులపాటు ఇంట్లో బీపీ రాసి పెట్టండి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు కొలవాలి. దడ, చెమట వచ్చినప్పుడు కొలిచిన అంకెను విడిగా, సమయంతో, అప్పుడు ఏం చేస్తున్నారో కూడా చేర్చి రాయండి. వంగినప్పుడు, మూత్రం పోసినప్పుడు, ఏదైనా కొత్త మందు వేసుకున్నప్పుడు లక్షణాలు వచ్చాయన్నది వైద్యుడికి ఎంతో పనికివచ్చే సమాచారం. పాత రక్తపరీక్షల్లో పొటాషియం అంకెలన్నీ ఒకచోట రాసుకోండి. డిశ్చార్జ్ సమ్మరీతో పాటు గతంలో కడుపుకు, ఛాతీకి తీసిన సీటీ స్కాన్‌లను కూడా తీసుకువెళ్లండి. ఛాతీ స్కాన్ కింది భాగంలో అడ్రినల్ గ్రంథులు తరచుగా కనిపిస్తాయి, ఆ దృష్టితో మళ్లీ చూస్తే ఇదివరకు ఎవరూ ప్రస్తావించని గడ్డ బయటపడవచ్చు.

అక్కడ అడగవలసిన ప్రశ్న సూటిగా ఉండాలి: “ఈ బీపీకి అడ్రినల్ హార్మోన్లు కారణం కావచ్చా, ఆల్డోస్టిరాన్, రెనిన్, మెటానెఫ్రిన్, కార్టిసాల్ పరీక్షల్లో ఏవి అవసరం?” రెనిన్ అంటే మూత్రపిండాలు విడుదల చేసే, ఆల్డోస్టిరాన్ స్రావాన్ని నడిపించే పదార్థం. మెటానెఫ్రిన్లు అంటే అడ్రినలిన్, నారడ్రినలిన్ విచ్ఛిన్నమైనప్పుడు మిగిలే పదార్థాలు. అవసరమనుకుంటే హార్మోన్ల జబ్బుల నిపుణుడైన ఎండోక్రైనాలజిస్టుకు పంపమని కోరండి.

నాలుగో పని: రక్తపరీక్షలను సరిగ్గా చేయించుకోవడం

ఈ పరీక్షలు ఎప్పుడు, ఎలా చేశారన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది. పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లో ఎవరికైనా ఒత్తిడి వల్ల అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి, బీపీ కూడా పెరుగుతుంది. అప్పుడు చేసిన పరీక్ష లేని కణితిని ఉన్నట్టు చూపవచ్చు. అందుకే అనుమానం మరీ బలంగా ఉంటే తప్ప, ఆరోగ్యం కుదుటపడే వరకు కొన్ని వారాలు ఆగి చేయించుకోవడం మేలు. ఎంతకాలం ఆగాలో మీ వైద్యుడే నిర్ణయించాలి.

ఆల్డోస్టిరాన్, రెనిన్ పరీక్షకు ఉదయం నిద్రలేచి కనీసం రెండు గంటలు తిరిగిన తరువాత, 5 నుంచి 15 నిమిషాలు కూర్చుని రక్తం ఇవ్వాలి. ఆ ముందు రోజుల్లో ఉప్పును మరీ తగ్గించకండి. పొటాషియం తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే ఆల్డోస్టిరాన్ నిజంగా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. రక్తం తీసేటప్పుడు పిడికిలిని పదేపదే బిగించి వదలడం వల్ల పొటాషియం అంకె అబద్ధంగా పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. ఆల్డోస్టిరాన్ ఎక్కువగా, రెనిన్ అణగిపోయి ఉంటే అనుమానం నిలబడుతుంది.

మందుల విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. ఆల్డోస్టిరాన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్ వంటి మందులు ఈ పరీక్షకు బాగా అడ్డు వస్తాయి కాబట్టి వాటిని నాలుగు వారాల ముందు ఆపమనే పద్ధతి ఉంది. బీటా బ్లాకర్లు రెనిన్‌ను తగ్గించి లేని జబ్బును ఉన్నట్టు చూపగలవు. అవసరమైతే వీటి స్థానంలో పరీక్షను అంతగా తారుమారు చేయని వెరపమిల్, డాక్సజోసిన్, హైడ్రాలజీన్ వంటివి ఇస్తారు. కానీ పక్షవాతం వచ్చిన మనిషి పరీక్ష కోసమని సొంతంగా బీపీ మాత్ర ఆపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మొదటి పరీక్షను వాడుతున్న మందులతోనే చేసి, ఫలితం ఎటూ తేలకపోతేనే మందులు మార్చి మళ్లీ చేయడం ఇప్పుడు ఆమోదం పొందిన పద్ధతి. మార్చవలసి వస్తే ఆ పని వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి.

ఫియోక్రోమోసైటోమా కోసం రక్తంలో మెటానెఫ్రిన్లను గాని, 24 గంటల మూత్రంలో వాటిని గాని కొలుస్తారు. రక్తపరీక్షకు 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకున్న తరువాతే రక్తం తీయాలి. కూర్చోబెట్టి తీస్తే అంకె పెరిగి అనవసరపు భయం పుడుతుంది. పరీక్ష ముందు కాఫీ, పొగ మానండి. జలుబుకు వాడే స్యూడోఎఫెడ్రిన్, పక్షవాతం తరువాతి నొప్పులకు తరచుగా రాసే అమిట్రిప్టిలీన్ వంటివి అంకెలను పెంచుతాయి, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో పారాసెటమాల్ కూడా అడ్డు వస్తుంది. అందువల్ల మీరు వాడుతున్న ప్రతి మందునూ ముందే చెప్పండి. మూత్రం సేకరించాల్సి వస్తే తెల్లవారి లేచిన వెంటనే పోసిన మూత్రాన్ని వదిలేసి, ఆ తరువాత నుంచి మర్నాడు అదే సమయానికి పోసిన దాని వరకు ఒక్క చుక్కా వదలకుండా ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. అంకె కొద్దిగా పెరిగితే అది చాలాసార్లు అబద్ధపు పెరుగుదలే. సాధారణ పరిమితికి రెండు మూడు రెట్లు దాటితే మాత్రం దాన్ని తేలికగా తీసుకోకూడదు.

కార్టిసాల్ కోసం రాత్రి 11 నుంచి 12 గంటల మధ్య మామూలుగా కార్టిసాల్‌ను అణచివేసే స్టెరాయిడ్ అయిన డెక్సామెథసోన్ 1 మి.గ్రా. మాత్ర వేసుకుని, మర్నాడు ఉదయం 8, 9 గంటల మధ్య రక్తం ఇస్తారు. కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములకు మించకపోతే జబ్బు లేనట్టు. పక్షవాతం తరువాత మూర్ఛ రాకుండా ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడుతున్నవారిలో ఆ మాత్ర శరీరంలో త్వరగా కరిగిపోయి ఫలితం తప్పుగా రావచ్చు. గర్భనిరోధక మాత్రలు కూడా అంకెను పెంచుతాయి. అటువంటప్పుడు అర్ధరాత్రి లాలాజలంలోని కార్టిసాల్ గాని, 24 గంటల మూత్రంలోని కార్టిసాల్ గాని, మీ పరిస్థితికి ఏది తగితే అది ఎంచుకుంటారు. కీళ్లకు, ఉబ్బసానికి, చర్మానికి వాడిన స్టెరాయిడ్ మందులేమైనా ఉంటే దాచకండి. వాటివల్ల కూడా ఇవే గుర్తులు వస్తాయి.

ఐదో పని: హార్మోన్ తేలాకే స్కాన్

సీటీ స్కాన్‌లలో వయోజనుల్లో నూటికి నలుగురికి అడ్రినల్ గడ్డ యాదృచ్ఛికంగా కనిపిస్తుంది, వయసు పెరిగేకొద్దీ ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. వాటిలో ఎక్కువ భాగం ఏ హార్మోన్‌నూ అతిగా స్రవించవు. అందుకే రక్తపరీక్ష లేకుండా స్కాన్‌లో గడ్డ చూసి అదే పక్షవాతానికి కారణమని నిర్ణయించుకోవడం తొందరపాటు. రక్తపరీక్షలో తేడా కనిపించాక రంగు మందు ఎక్కించకుండా తీసిన సీటీలో గడ్డ సాంద్రత 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు లేదా అంతకంటే తక్కువగా ఉంటే అది కొవ్వు ఎక్కువగా ఉన్న మామూలు కణితి అని, ఫియోక్రోమోసైటోమా దాదాపుగా కాదని చెప్పవచ్చు.

ఆల్డోస్టిరాన్ విషయంలో సీటీ ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. ఎడమ వైపు గడ్డ కనిపిస్తూ హార్మోన్ మాత్రం కుడివైపు నుంచో, రెండువైపుల నుంచో వస్తుండవచ్చు. అందుకే ఆపరేషన్ ఆలోచిస్తున్నవారిలో, మరీ చిన్నవయసువారిని మినహాయించి, రెండు అడ్రినల్ సిరల నుంచి విడివిడిగా రక్తం తీసి పోల్చే పరీక్ష చేస్తారు. కుడివైపు సిర పొట్టిగా, అందుకోవడానికి కష్టంగా ఉంటుంది, కాబట్టి ఈ పనిలో బాగా చేయి తిరిగిన కేంద్రాన్ని ఎంచుకోండి.

ఫియోక్రోమోసైటోమా కాదని రక్తపరీక్షలో తేలకుండా ఆ గడ్డకు సూది గుచ్చి ముక్క తీయడానికి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. సూది తగిలితే హార్మోన్ ఒక్కసారిగా విడుదలై ప్రాణం పోవచ్చు.

ఆరో పని: ఆపరేషన్‌కు ముందు సన్నాహం

1926లో స్విట్జర్లాండ్‌లో సీజర్ రూ, అమెరికాలో చార్లెస్ మేయో వేరువేరుగా ఫియోక్రోమోసైటోమా కణితులను విజయవంతంగా తీసివేశారు. అడ్రినలిన్ వల్ల రక్తనాళాలు బిగుసుకుపోకుండా అడ్డుకునే ఆల్ఫా బ్లాకర్ మందులు అప్పటికి లేవు. ఆ తరువాతి కాలంలో ఈ ఆపరేషన్‌ను భద్రంగా మార్చినవాటిలో ముఖ్యమైనది ముందస్తు మందుల సన్నాహమే. ఫియోక్రోమోసైటోమా ఉన్నవారికి ఆపరేషన్‌కు ముందు 7 నుంచి 14 రోజులపాటు ఫినాక్సిబెంజమైన్, డాక్సజోసిన్, ప్రజోసిన్ వంటి ఆల్ఫా బ్లాకర్ ఇస్తారు. వాటితో రక్తనాళాలు వదులవుతాయి కాబట్టి ఉప్పు, నీళ్లు ఎక్కువగా తీసుకోమంటారు. బీపీ కోసం ఇన్నాళ్లూ ఉప్పు మానినవారికి ఇది వింతగా తోచినా, గుండె, మూత్రపిండాల స్థితి చూసి వైద్యుడు చెప్పిన మేరకు పాటించండి. లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగవచ్చు, ముక్కు దిబ్బడ వేయవచ్చు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్‌ను ఆల్ఫా బ్లాకర్ పనిచేయడం మొదలైన తరువాతే చేర్చాలి. ముందే ఇస్తే రక్తనాళాలను వదులుచేసే దారి మూసుకుపోయి, బిగించే దారి మాత్రమే మిగిలి బీపీ ఎగసిపోతుంది.

ఆల్డోస్టిరాన్ కణితికి ముందు బీపీని, పొటాషియంను సరిచేస్తారు. కార్టిసాల్ కణితికి రక్తం గడ్డకట్టకుండా జాగ్రత్తలు, ఆపరేషన్ సమయంలో స్టెరాయిడ్ రక్షణ అవసరం. పక్షవాతం వచ్చిన కొత్తలో అత్యవసరం కాని ఏ ఆపరేషన్ అయినా మళ్లీ పక్షవాతం తెచ్చే ముప్పు పెంచుతుంది, కాబట్టి కొన్ని నెలలు ఆగమనవచ్చు. ఆ లోపు మందులతో హార్మోన్‌ను అదుపులో ఉంచుతారు. రక్తం పలుచన చేసే మాత్రలను ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలి అన్నది న్యూరాలజిస్టు, సర్జన్, మత్తు వైద్యుడు కలిసి తేల్చి మీకు రాసి ఇవ్వాలని అడగండి. ఎక్కువమందికి ఆపరేషన్ ల్యాప్రోస్కోపీ ద్వారానే జరుగుతుంది.

రెండు గ్రంథులూ ఆల్డోస్టిరాన్ ఎక్కువగా స్రవిస్తుంటే మామూలుగా ఆపరేషన్ చేయరు. స్పైరనోలాక్టోన్ లేదా ఎప్లెరినోన్ దీర్ఘకాలం వాడాలి. స్పైరనోలాక్టోన్‌తో మగవారికి రొమ్ములు నొప్పి పెట్టవచ్చు, ఉబ్బవచ్చు. అలా అయితే మందు మానేయకుండా మార్చమని అడగండి. పొటాషియం, మూత్రపిండాల పరీక్షలు క్రమంగా జరుగుతుండాలి.

ఏడో పని: ఆపరేషన్ తరువాత, ఇంట్లోవారి పరీక్షలు

ఫియోక్రోమోసైటోమా తీసిన తొలి రెండు రోజుల్లో బీపీ, చక్కెర రెండూ పడిపోవచ్చు, కాబట్టి దగ్గరగా గమనిస్తారు. కొన్ని వారాల తరువాత మెటానెఫ్రిన్లు మళ్లీ కొలిచి, ఆ పైన ఏటా ఒకసారి కనీసం పదేళ్లు చూడాలి. ఆల్డోస్టిరాన్ కణితి తీసిన అందరికీ బీపీ పూర్తిగా మామూలు కాదు, కానీ మాత్రల సంఖ్య చాలామందికి తగ్గుతుంది. ఆ తొలి వారాల్లో పొటాషియం పెరిగే వీలుంది కాబట్టి పాత పొటాషియం సిరప్‌ను అలవాటుగా తాగకండి. కార్టిసాల్ కణితి తీసినవారిలో రెండో గ్రంథి నిద్రాణంగా ఉండిపోతుంది, నెలల తరబడి కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్ర వాడాలి. జ్వరం వస్తే మోతాదు పెంచడం, వాంతులైతే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి వెళ్లడం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. కణితి పోయినా, పక్షవాతానికి రాసిన మాత్రలను న్యూరాలజిస్టు చెప్పేవరకు ఆపకండి. రక్తనాళాలకు ఇదివరకే జరిగిన నష్టం అలాగే ఉంటుంది.

ఫియోక్రోమోసైటోమా ఉన్నవారిలో మూడోవంతు మందికి లేదా అంతకంటే కొంచెం ఎక్కువమందికి అది వంశపారంపర్యంగా వచ్చిన జన్యులోపం వల్లే వస్తుంది. అందుకే కుటుంబంలో మరెవరికీ లేకపోయినా రోగికి జన్యుపరీక్ష సూచిస్తారు, లోపం దొరికితే తోబుట్టువులకు, పిల్లలకు కూడా చేయాలి. ఆల్డోస్టిరాన్ విషయంలో కూడా, 20 ఏళ్లలోపే జబ్బు బయటపడినా, కుటుంబంలో చిన్నవయసు పక్షవాతాలున్నా జన్యుపరీక్ష అవసరం. ఇందులో ఒక అరుదైన రకం, కణితి ఏదీ లేకుండానే, చిన్న మోతాదు స్టెరాయిడ్‌తో అణగిపోయేది ఉంది. ఈ రకం ఉన్నవారి మెదడులో రక్తనాళాలు బుడగల్లా ఉబ్బి, యౌవనంలోనే చిట్లే ప్రమాదం ఉంటుంది. ఆ లోపం ఉన్నట్టు తేలిన పిల్లలకు యుక్తవయసు నుంచి ఐదేళ్లకొకసారి మెదడు రక్తనాళాలకు ఎంఆర్ స్కాన్ తీయించాలని సూచిస్తారు. మొదటి స్కాన్ ఎప్పుడు తీయించాలో జన్యుపరీక్ష ఫలితం అందిన రోజే వైద్యుడితో మాట్లాడి తేదీ నిర్ణయించుకోండి.